నీటి ఒత్తిడితో రేకును మలచడం: చిన్న వర్క్‌షాపులో హైడ్రోఫార్మింగ్ చేసే విధానం

జనగామ పక్కనున్న పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మ తేల్చే పనిని దగ్గర కూర్చుని చూసినవారికి హైడ్రోఫార్మింగ్ సగం తెలిసినట్టే. అక్కడ కళాకారుడు రేకును లక్క మీద పరచి, ఒక్కొక్క దెబ్బే వేస్తూ లోహాన్ని కొద్దికొద్దిగా కిందికి దింపుతాడు. కింద ఉన్న లక్క దెబ్బకు లొంగుతుంది గాని రేకును ఎక్కడా వదిలేయదు, అందుకే రేకు చిరగకుండా సాగుతుంది. హైడ్రోఫార్మింగ్‌లో సుత్తి పని నీరు చేస్తుంది. మూసిన గదిలోని నీటి మీద ఒకచోట పెట్టిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని బడిలో చదువుకున్న పాస్కల్ నియమమే దీనికి ఆధారం. రేకుకు ఒక వైపు ఉక్కు అచ్చు, మరో వైపు ఒత్తిడిలో ఉన్న నీరు ఉన్నప్పుడు, ఆ నీరు రేకులోని ప్రతి చదరపు సెంటీమీటరునూ ఒకే బలంతో నొక్కి అచ్చు గుంటలోకి దింపుతుంది.

మామూలు ప్రెస్ పనికి పైనుంచి నొక్కే పంచ్, కింద గుంట ఉన్న డై రెండూ కావాలి. ఆ రెండింటి మధ్య సందు రేకు మందానికి తగ్గట్టు సరిపోవాలి. ఆ సరిపోల్చడంలోనే ఖర్చంతా ఉంటుంది. ఇక్కడ ఒక్క అచ్చు చాలు, రెండో సగం నీరే. పైగా నీరు తగిలిన ముఖం మీద పనిముట్టు గీతలు పడవు. అయితే ఒక ముక్క తయారు కావడానికి ప్రెస్‌లో క్షణాలు పడితే, ఇక్కడ బిగించడం, నింపడం, విప్పడంతో కలిపి నిమిషాలు పడుతుంది. కాబట్టి పది నుంచి కొన్ని వందల ముక్కల వరకు ఈ పద్ధతి గిట్టుబాటు అవుతుంది. ఒకే ముక్క లక్షల్లో కావాలంటే ప్రెస్‌కే వెళ్లడం మంచిది.

వరంగల్ ములుగు రోడ్డు, మడికొండ పారిశ్రామికవాడల్లో, ఆటోనగర్‌లో లేత్, వెల్డింగ్, ప్రెస్ పని చేసేవారిని, ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని దీనిని రాస్తున్నాను. 2023 జులైలో కాజీపేట రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన జరిగిన తర్వాత, వ్యాగన్ పనికి ఇది ఉపయోగపడుతుందా అని నన్ను అడిగినవారు ఉన్నారు. వ్యాగన్లకు వాడేది మందమైన ప్లేటు. దానిని వంచి వెల్డింగ్ చేయడమే సరైన దారి. హైడ్రోఫార్మింగ్‌కు తగినది అర మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల లోపు పలుచని రేకు. అందుకని మన జిల్లాలకు దగ్గరైన ఒక చిన్న ఉదాహరణను తీసుకుందాం. బియ్యం మిల్లులో బేరింగు మీద ఊక దుమ్ము పడకుండా బిగించే గుండ్రని మూత అది. నోటి వ్యాసం 200 మిల్లీమీటర్లు, లోతు 25 మిల్లీమీటర్లు, గోడలు 45 డిగ్రీల వాలు, అడుగు చదును, అడుగు మూలలో 6 మిల్లీమీటర్ల వ్యాసార్ధం. రేకు 1 మిల్లీమీటరు మందం గల మెత్తని అల్యూమినియం.

చాలామంది ఈ పని గురించి వినగానే ఎంత ఒత్తిడి పెట్టాలని అడుగుతారు. నా అనుభవంలో ఒత్తిడి పుట్టించడం ఇందులో అన్నిటికంటే తేలిక, బాయిలరు పైపులను పరీక్షించే చేతి పంపుతో అది అయిపోతుంది. రేకు అంచును ఎలా పట్టుకున్నాం, నీటిలోంచీ అచ్చులోంచీ గాలిని ఎంత శుభ్రంగా వెళ్లగొట్టాం అన్న రెండింటి మీదే ముక్క మంచిచెడులు ఆధారపడతాయి.

ముందుగా కాగితం మీద లెక్క

రేకు ఉబ్బడానికి పెద్ద ఒత్తిడి అక్కరలేదు. 200 మిల్లీమీటర్ల నోటిలో 1 మిల్లీమీటరు మెత్తని అల్యూమినియం 25 మిల్లీమీటర్ల ఎత్తు వరకు బుడగలా ఉబ్బడానికి చదరపు సెంటీమీటరుకు 7 నుంచి 10 కిలోలు సరిపోతుంది. గేజీ ముల్లు అక్కడే ఉండగా రేకు అచ్చు అడుగును తాకుతుంది. అసలు కష్టం ఆ తర్వాత, మూలలు నిండేటప్పుడు మొదలవుతుంది. మూల ఎంత చిన్నదైతే ఒత్తిడి అంత పెరగాలి.

దానికి మన షాపుల్లో వాడుకోదగిన లెక్క ఒకటుంది. రేకు సాగేటప్పుడు చూపే బలాన్ని చదరపు మిల్లీమీటరుకు కిలోలలో తీసుకుని, దానిని రేకు మందంతో గుణించి, మూల వ్యాసార్ధంతో భాగించి, వచ్చినదానిని 100తో గుణిస్తే చదరపు సెంటీమీటరుకు ఎన్ని కిలోల ఒత్తిడి కావాలో వస్తుంది. మెత్తని అల్యూమినియం సాగి కాస్త గట్టిపడ్డాక దాని బలం 11 కిలోలు అనుకుందాం. సాగినందువల్ల మందం 0.8 మిల్లీమీటరుకు తగ్గి ఉంటుంది. 11ను 0.8తో గుణించి 6తో భాగిస్తే 1.47 వస్తుంది, అంటే దాదాపు 150 కిలోలు. అదే మూలను 12 మిల్లీమీటర్లకు పెంచితే 75 కిలోలతో పని అయిపోతుంది. మూత గీసేవారు మూలను కొంచెం పెద్దది చేయడానికి ఒప్పుకుంటే పని మొత్తం సగం తేలికవుతుంది కాబట్టి, ఆర్డరు తీసుకునేటప్పుడే ఈ సంగతి మాట్లాడుకోవాలి. ఇదే లెక్కను స్టెయిన్‌లెస్ 304 రేకుకు వేసి చూడండి. సాగిన తర్వాత దాని బలం 60 కిలోలకు తక్కువ ఉండదు, అంటే అదే మూలకు 800 కిలోలు కావాలి. అది చేతి పంపుతో, బోల్టులతో చేసే పని కాదు.

ఇప్పుడు ఆ 150 కిలోలు పలకల మీద ఎంత బరువు మోపుతాయో చూడాలి. నీటిని ఆపే ఓ-రింగు 22 సెంటీమీటర్ల వ్యాసంలో ఉంటే, లోపలి వైశాల్యం 0.785ను 22తో రెండుసార్లు గుణించగా 380 చదరపు సెంటీమీటర్లు. దానిని 150తో గుణిస్తే 57,000 కిలోలు, అంటే 57 టన్నులు. కరీంనగర్ రోడ్డు మీద గ్రానైటు బండలు నిండా ఎత్తుకుని వెళ్లే పెద్ద ట్రైలరు బరువుకు అది దగ్గర. అన్నం పళ్లెమంత మూతకు అంత బలం అంటే మొదటిసారి నమ్మబుద్ధి కాదు. నమ్మకుండా తక్కువ బోల్టులు వేసినవారి దగ్గర పలకల మధ్య నీళ్లు చిమ్ముతాయి.

అచ్చు, పలకలు, బోల్టులు

అచ్చును 60 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ ప్లేటులో లేత్ మీద తోలిస్తే చాలు, గుంట పోగా అడుగున 35 మిల్లీమీటర్లు మిగులుతుంది. పై పలక 50 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. రెండు పలకలూ 340 మిల్లీమీటర్ల వ్యాసంతో ఉండి, 290 మిల్లీమీటర్ల వలయం మీద ఎం16 సైజు, 8.8 గ్రేడు బోల్టులు 16 రావాలి. 57 టన్నులను 16తో భాగిస్తే ఒక్కో బోల్టు మీద మూడున్నర టన్నులు పడుతుంది. ఆ గ్రేడు బోల్టు శాశ్వతంగా సాగిపోకుండా మోయగలిగేది 9 టన్నులు. ఒక్కొక్క బోల్టును టార్క్ రెంచితో 200 న్యూటన్ మీటర్లకు బిగిస్తే ఒక్కోటి 6 టన్నుల చొప్పున దాదాపు 100 టన్నుల పట్టు వస్తుంది. నీరు పైకి తోసే 57 టన్నులు పోగా మిగిలిన పట్టే రేకు అంచును జారకుండా ఉంచేది. బోల్టు తల మీద 8.8 అని లేకపోతే ఆ బోల్టును ఈ పనికి వాడవద్దు. పాత ఇనుము దుకాణంలో దొరికిన బోల్టులను అసలే వాడవద్దు. మీ మూత కొలతలు ఇంతకంటే పెద్దవైతే పలకల మందాన్ని, బోల్టులను తెలిసిన మెకానికల్ ఇంజినీరుతో లెక్క వేయించుకోండి. ఈ ఖర్చు దగ్గర పిసినారితనం పనికిరాదు.

అచ్చు నోటి అంచును 5 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో గుండ్రంగా చేసి, నీళ్లతో తడిపిన ఎమ్రీ కాగితంతో అద్దంలా నునుపు చేయాలి. రేకు ఈ అంచు మీదుగానే వంగి లోపలికి సాగుతుంది కాబట్టి అక్కడ లేత్ గీతలు మిగిలితే రేకు అక్కడే చిరుగుతుంది. గుంట లోపల అంత మెరుగు అవసరం లేదు.

అచ్చులో ఉన్న గాలి బయటకు పోయే దారి ఉండాలి. రేకు చివరిగా చేరేది అడుగు మూలలకు కాబట్టి గాలి రంధ్రాలను ఆ మూల వెంబడే, ఎనిమిది చోట్ల, 1 మిల్లీమీటరు డ్రిల్లుతో వేయించండి. వెనక వైపు నుంచి 6 మిల్లీమీటర్ల రంధ్రం తోలి, చివరి నాలుగైదు మిల్లీమీటర్లు మాత్రమే సన్న డ్రిల్లు వాడితే డ్రిల్లు విరగదు. రంధ్రం రేకు మందాన్ని మించకూడదు. మించితే ఒత్తిడి పెరిగేకొద్దీ రేకు అందులోకి కూడా ఉబ్బి, మూత మీద మొటిమల్లాంటి బుడిపెలు వస్తాయి.

పై పలకలో నీటి వైపున ఓ-రింగుకు గాడి, మధ్యలో లోతు తక్కువ గుంట, ఆ గుంట పై కొసన గాలి తీసే వాల్వు, పక్కనుంచి నీరు వచ్చే దారి ఉండాలి. గుంటను చదునుగా కాక, మధ్యకు వచ్చేసరికి కొంచెం పైకి లేచే గొడుగు ఆకారంలో తోలిస్తే గాలి బుడగలు వాటంతట అవే వాల్వు దగ్గరకు చేరతాయి. ఈ చిన్న విషయం నేను కష్టపడి నేర్చుకున్నది, దాని గురించి తర్వాత చెబుతాను.

రేకును ఎంచుకోవడం, మెత్తబరచడం

అల్యూమినియంలో 1100, 3003 రకాలు ఈ పనికి బాగా లొంగుతాయి. 5052 కొంచెం మొండిది గాని గట్టి ముక్క ఇస్తుంది. రాగి, ఇత్తడి చక్కగా సాగుతాయి. ఇనుప రేకు వాడాలంటే కోల్డ్ రోల్డ్ రేకుల్లో డీప్ డ్రాయింగ్ (లోతుగా సాగదీసే పని) రకాన్ని పేరు పెట్టి అడగండి. మామూలు రేకు వంచడానికి పనికొస్తుంది గాని ఇంత సాగడానికి పనికిరాదు.

దుకాణంలో అల్యూమినియం రేకు కొనేటప్పుడు రకం నంబరుతోపాటు దాని వెనక ఉండే గుర్తును కూడా చూడాలి. హెచ్14 అంటే రోలింగులో సగం గట్టిపడిన రేకు. ఓ అంటే పూర్తిగా మెత్తబరచినది. మనకు తేలిగ్గా దొరికేది హెచ్14. అలాంటి రేకుతో నేరుగా మొదలుపెడితే పది మిల్లీమీటర్లు ఉబ్బకముందే మధ్యలో పగులుతుంది. దానిని మెత్తబరచడానికి పాతకాలపు మేస్త్రీలు వాడే ఉపాయం ఇప్పటికీ నమ్మదగినదే. బిళ్ల (అచ్చు మీద పెట్టే గుండ్రని రేకు ముక్క) మీద మామూలు బట్టల సబ్బుతో అక్కడక్కడ గీతలు గీసి, గ్యాస్ మంటను ఒకచోట నిలపకుండా బిళ్ల అంతటా తిప్పుతూ వేడి చేయండి. సబ్బు గీత ముదురు గోధుమరంగులోకి తిరిగి నల్లబడే సమయానికి రేకు కావలసిన వేడికి, అంటే దాదాపు 345 డిగ్రీలకు చేరుతుంది. అక్కడితో మంట తీసేయండి. అల్యూమినియం ఎర్రబడి హెచ్చరించే లోహం కాదు. ఇంకాస్త వేడెక్కనీ అని ఆగితే ఒక్కసారిగా కరిగి కారిపోతుంది. ఓవెన్ ఉన్నవారు దానినే వాడాలి, అందులో వేడి అంతటా సమానంగా ఉంటుంది.

బిళ్లను 260 మిల్లీమీటర్ల వ్యాసంలో కోసి, కోసిన అంచులో బర్ (కోతకు లేచిన గరుకు ముల్లు) లేకుండా ఆకురాయి పట్టండి. మొదటి రెండు మూడు ముక్కలకైతే ఇంకొక పని చేయాలి. సన్నని మార్కరుతో, వృత్తాల స్టెన్సిల్ పెట్టి, బిళ్ల మధ్యనుంచి అంచు దాకా ఒక వరుసలో 5 మిల్లీమీటర్ల వృత్తాలు గీయండి. ముక్క తయారయ్యాక ఆ వృత్తాలు కొన్ని పెద్దవై, కొన్ని కోడిగుడ్డు ఆకారంలోకి మారి ఉంటాయి. వృత్తం ఎటు సాగిందో రేకు అటు సాగినట్టు; ఎంత పెద్దదైతే అక్కడ రేకు అంత పలచబడినట్టు. ఖరీదైన పరికరం లేకుండా రేకు లోపల ఏం జరిగిందో కళ్లకు కట్టేది ఈ వరుసే.

బిగించడం, నీరు నింపడం

అచ్చు కింద, దాని మీద బిళ్ల, బిళ్ల మీద నీటి పలక రావాలి. నీటి పలకే పైన ఉండాలి. మొదటిసారి నేను దీనిని తలకిందులుగా పెట్టాను. నీరు కిందనుంచి తోస్తే, అచ్చు పైన ఉంటే, విప్పి ముక్క తీయడం తేలికని అనుకున్నాను. నీరు నింపేటప్పుడు గాలి వాల్వులోంచి నీళ్లు వచ్చాయి కాబట్టి గాలి పోయిందనే నమ్మాను. నిజానికి వాల్వు పక్కన ఉంది, చదునైన రేకు కింద వెడల్పాటి గాలి పొర అలాగే ఉండిపోయింది. పంపు ఎంత కొట్టినా ముల్లు బద్ధకంగా లేచింది. 40 కిలోల దగ్గర రేకు మూలలో చిరిగి, తుపాకీ పేలినట్టు శబ్దం వచ్చింది. గాలి రంధ్రాల్లోంచి నీళ్లు చువ్వల్లా పైకి దూసుకొచ్చి షెడ్డు పైకప్పు రేకును తడిపాయి. ఎవరూ పైనుంచి తొంగి చూడకపోవడం మా అదృష్టం.

దాని కారణాన్ని తర్వాత లెక్క వేసుకుంటే తెలిసింది. వంద కిలోల ఒత్తిడి దగ్గర నీరు తన పరిమాణంలో అర శాతం కూడా కుంచించుకోదు, అందుకే రేకు చిరగ్గానే నీటి ఒత్తిడి వెంటనే పడిపోతుంది. గాలి అదే ఒత్తిడికి వందో వంతుకు నలిగి, స్ప్రింగులాగా ఆ బలమంతా దాచుకుని, దారి దొరకగానే ఒక్కసారిగా విడుదల చేస్తుంది. కంప్రెసరు గాలితో రేకును ఉబ్బించాలని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి.

కాబట్టి నీటి పలకను పైన పెట్టి, మధ్యలోని గాలి వాల్వును పూర్తిగా తెరిచి, పక్క దారిలోంచి నెమ్మదిగా నీరు పంపండి. నీటిలో నూటికి మూడు నుంచి అయిదు పాళ్లు లేత్‌కు వాడే సోలబుల్ ఆయిల్ కలిపితే పలకలు తుప్పు పట్టవు. వాల్వులోంచి మొదట గాలి, తర్వాత బుడగలతో తెల్లని నీరు, చివరికి తెగకుండా సన్నని ధార వస్తాయి. ధార వచ్చాక కూడా పలకను రబ్బరు సుత్తితో నాలుగు వైపులా తట్టండి. అంటుకుని ఉన్న బుడగలు అప్పుడు కదిలి వస్తాయి. ఇంకో నిమిషం ధార పోనిచ్చి అప్పుడు వాల్వు మూయండి.

అచ్చు వైపు రేకుకు నూనె పూసేటప్పుడు గుడ్డతో పలుచగా తుడిచినట్టు పూయాలి. ఎక్కువైన నూనె మూలల్లో చేరి, గాలిలాగా నలగక, రేకును మూల దాకా రానివ్వదు. అచ్చు విప్పి చూస్తే మూలలో సొట్టలా కనిపిస్తుంది. నీటి చుక్కలు మిగిలినా అంతే. బోల్టులను ఎదురెదురు జతలుగా, మూడు విడతల్లో, 70, 140, 200 న్యూటన్ మీటర్ల చొప్పున బిగించండి. ఒక పక్క ముందే బిగిస్తే రేకు వాలుగా పట్టుబడి ఒక వైపే సాగుతుంది.

ఒత్తిడి పెంచడం

పంపుకూ పలకకూ మధ్య 165 కిలోల దగ్గర తెరుచుకునే రిలీఫ్ వాల్వు తప్పనిసరి. గొట్టం, దాని కొసలు కనీసం అంతకు రెట్టింపు ఒత్తిడికి పనికొచ్చేవై ఉండాలి. కళ్లద్దాలు పెట్టుకుని, అచ్చుకు ఎదురుగా కాక పక్కన నిలబడి, మధ్యలో మందపాటి చెక్క పలకో ఇనుప పలకో అడ్డం పెట్టుకుని పంపు కొట్టాలి. ఎక్కడైనా చెమ్మ కనిపిస్తే వేలు పెట్టి వెతకవద్దు. సూదిలాంటి నీటి ధార చర్మం లోపలికి దూరిపోతుంది. బయటికి చిన్న చుక్కలా కనిపించినా లోపల కండను పాడు చేస్తుంది. అలా జరిగితే నొప్పి లేదని ఊరుకోకుండా ఆ క్షణమే ఆస్పత్రికి వెళ్లాలి.

లోపల ఏం జరుగుతోందో కంటికి కనిపించదు కాబట్టి గేజీని, పంపు తోపులను (పిడిని ఒక్కోసారి నొక్కడాన్ని) కలిపి చదవడం నేర్చుకోవాలి. పంపు ఒక్కో తోపుకు ఎన్ని మిల్లీలీటర్లు పంపుతుందో ముందే కొలిచి రాసుకోండి, 20 అనుకుందాం. మన మూతలో బుడగ ఉబ్బి అడుగును తాకేసరికి దాని కింద 400 మిల్లీలీటర్ల జాగా ఏర్పడుతుంది, అంటే 20 తోపులు. ఆ 20 తోపుల్లో ముల్లు 10 కిలోల లోపే ఉండాలి. అప్పుడు అడుగు తగిలినట్టు చేతికే తెలుస్తుంది, పిడి బరువెక్కుతుంది. అచ్చు నిండా పట్టేది 600 మిల్లీలీటర్లు కాబట్టి మిగిలినవి ఇంకో 10 తోపులు మాత్రమే. ఈ 10 తోపుల్లోనే ముల్లు 10 నుంచి 150కి ఎగబాకుతుంది. ఇక్కడ తొందరపడకూడదు. 20, 50, 100 కిలోల దగ్గర ఒక్కో అర నిమిషం ఆగుతూ వెళ్లండి. ముల్లు నిలబడితే సరే. ఆగినప్పుడు దానంతట అది దిగుతుంటే ఓ-రింగు కారుతోందో, రేకు చిరుగుతోందో చూసుకోవాలి. 150కి చేరాక ఒక నిమిషం నిలిపి, విడుదల వాల్వును నెమ్మదిగా తెరవండి.

వాల్వు తెరిచినప్పుడు రెండు మూడు చెంచాల నీరు వెనక్కి వచ్చి ముల్లు సున్నాకు పడిపోతే గాలి లేనట్టు. చాలాసేపు బుసలు కొడుతూ నీరు వస్తుంటే గాలి మిగిలి ఉంది. తర్వాతి ముక్కకు నింపే విధానాన్ని మార్చుకోవాలి. గేజీ సున్నా చూపించాక, గాలి వాల్వు కూడా తెరిచాక, అప్పుడు మాత్రమే బోల్టులు వదులు చేయండి.

ఇంకా లోతు కావాలంటే

పైన చెప్పిన పద్ధతిలో అంచు కదలదు. గుంటలోకి వెళ్లే లోహమంతా రేకు పలచబడడం వల్లే వస్తుంది. మన మూతలో సగటు మందం 1 మిల్లీమీటరు నుంచి 0.85కు, మూలలో ఇంకా తక్కువకు దిగుతుంది. 25 మిల్లీమీటర్లకు అది చెల్లుతుంది. గిన్నెంత లోతు కావాలంటే చెల్లదు. లోతైన ముక్కకు అంచులోని లోహం లోపలికి జారి రావాలి, అలా జారేటప్పుడు ముడతలు పడకూడదు. గట్టిగా నొక్కితే అడుగు చిరుగుతుంది, వదులుగా పడితే అంచు ముడుచుకుంటుంది. ఈ రెండింటి మధ్య దారి సన్నగా ఉంటుంది. బోల్టులతో అది సాధ్యం కాదు, అంచు నొక్కే పలకకు వేరే సిలిండరు ఉన్న హైడ్రాలిక్ ప్రెస్ కావాలి.

అలాంటి ప్రెస్ ఉన్నచోట ఇంకో మంచి ఏర్పాటు కుదురుతుంది. అచ్చు గుంట బదులు నీరు నిండిన కుండ ఉంటుంది, పైనుంచి నున్నని పంచ్ రేకును నీటిలోకి దింపుతుంది. దిగేకొద్దీ కుండలోని ఒత్తిడి పెరిగి రేకును పంచ్ చుట్టూ అతుక్కునేలా నొక్కుతుంది. పంచ్‌కూ రేకుకూ మధ్య రాపిడి పెరగడంతో సాగే భారం ఒక్క మూల మీదే పడకుండా పక్క గోడలకు కూడా పంచబడుతుంది. మామూలు డీప్ డ్రాయింగ్‌లో 200 మిల్లీమీటర్ల బిళ్ల నుంచి ఒకే దెబ్బలో 100 మిల్లీమీటర్ల వ్యాసం గల గిన్నె వరకే సాధారణంగా సాధ్యం. ఈ పద్ధతిలో అదే బిళ్ల నుంచి 80 మిల్లీమీటర్ల గిన్నె కూడా తీయవచ్చు. మధ్యలో ఒకసారి మెత్తబరిచే పని తప్పుతుంది.

పెద్ద కర్మాగారాల్లో మూడో రకం కూడా ఉంది. అక్కడ రబ్బరు పొర వెనక నూనె ఒత్తిడిలో ఉంటుంది, రేకు తడవదు, బోల్టు సీళ్ల బాధ ఉండదు. విమానాల రెక్కల్లోని అల్యూమినియం పక్కటెముకలు ఇలా వస్తాయి. రేకు బదులు గొట్టాన్ని లోపలినుంచి ఉబ్బించే పద్ధతి ఇంకా ఎక్కువ వాడుకలో ఉంది. 1997లో వచ్చిన షెవ్రొలె కార్వెట్ కారు చట్రం పట్టీలు అలా చేసినవే. ఇప్పుడు సైకిళ్ల అల్యూమినియం ఫ్రేముల్లో వంపులు తిరిగిన గొట్టాలు కూడా అంతే. మన షాపుల్లో దానికి దిగే ముందు రేకు పని చేతికి రావాలి.

చెడిన ముక్కను చదవడం

చెడిన ముక్కను తుక్కులో పారేయకుండా ముందు వెలుతురులో పెట్టి చూడండి. సరిగ్గా మధ్యలో చిరిగితే రేకు మెత్తబడలేదు, లేదా లోతు ఎక్కువైంది. నోటి అంచు వెంబడి చిరిగితే ఆ అంచు గరుకుగా ఉంది, లేదా దాని వ్యాసార్ధం చిన్నది. అడుగు మూలలో చిరిగితే ఒత్తిడి పెంచడంలో తొందరపడ్డారు, లేదా మూల మరీ చిన్నది. ఒక వైపు అంచు లోపలికి జారి ఉంటే బోల్టుల బిగింపు సమానంగా లేదు. ముఖం మీద నారింజ తొక్కలాంటి గరుకుదనం కనిపిస్తే మెత్తబరిచేటప్పుడు వేడి ఎక్కువై లోహపు రేణువులు పెద్దవయ్యాయి. ఆ ముక్క గట్టిదే గాని పాలిష్ ఎక్కదు.

బాగా వచ్చిన మొదటి ముక్కను కూడా ఒకదాన్ని త్యాగం చేయాలి. దానిని మధ్యగా హాక్సాతో రెండు చెక్కలుగా కోసి, కోసిన అంచు వెంబడి పది మిల్లీమీటర్లకు ఒకచోట మైక్రోమీటరుతో మందం కొలవండి. మూల లోపలి వైపున మైక్రోమీటరు చదును కొస కూర్చోదు, గుండ్రని కొస ఉన్నది కావాలి. లేకపోతే ఒక చిన్న బేరింగు బంతిని మధ్యలో పెట్టి కొలిచి దాని వ్యాసాన్ని తీసివేయండి. ఎక్కడైనా 0.7 మిల్లీమీటరు కంటే తక్కువ కనిపిస్తే ఆ ఆర్డరును అలాగే కొనసాగించవద్దు. అల్యూమినియం రేకు 30 శాతానికి మించి పలచబడినచోట తర్వాతి ముక్కల్లో చిరుగు ఎప్పుడైనా రావచ్చు. ముందు మూల వ్యాసార్ధాన్ని పెంచి చూడాలి, అది కుదరకపోతే లోతును తగ్గించమని అడగాలి.

ఆ కోసిన చెక్కల్లో ఒకదాని మీద రేకు రకం, మెత్తబరిచిన తీరు, ఎన్ని తోపులకు అడుగు తగిలింది, ఎంత ఒత్తిడి దగ్గర ఎంతసేపు ఆపారు, మూలలో మందం ఎంత వచ్చిందన్నవి పర్మనెంట్ మార్కరుతో రాసి, రంధ్రం వేసి, అచ్చు పెట్టిన అరకు మేకు కొట్టి వేలాడదీయండి. ఆరు నెలల తర్వాత అదే మూతకు మళ్లీ ఆర్డరు వచ్చినప్పుడు, పంపు దగ్గర నిలబడేది మీరైనా మీ దగ్గర పని నేర్చుకునే కుర్రవాడైనా, ముందు చూడవలసింది ఆ చెక్కనే.